ఉద్దానంలో మా ఊరి చిన్న బడి: ఇద్దరు పిల్లలు చదివి బయటికి వచ్చాక నా సమీక్ష

శ్రీకాకుళం జిల్లాలో పలాస దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఉద్దానం ఊళ్లలో మాది ఒకటి. ఇక్కడి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మా అమ్మాయి 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. మా అబ్బాయి ఈ ఏప్రిల్‌లో ఐదో తరగతి ముగించి హైస్కూలుకు వెళ్తున్నాడు. ప్రైవేటు బడి బస్సు మా వీధి చివరికే వస్తుంది. అయినా ఇద్దరినీ ఇక్కడే చదివించాం. పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని ఆలోచిస్తున్న మా చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. బడిని జూన్‌లో చూసి నిర్ణయించుకోకండి. జూన్‌లో ఏ బడైనా బాగానే కనిపిస్తుంది. కొత్త సంచులు, కొత్త బూట్లు, కొత్త పుస్తకాల వాసన, గుమ్మానికి మామిడి తోరణం. ఏప్రిల్‌లో చూడండి. ఒంటిపూట బడి నడిచే రోజులవి. జీడితోటల్లో పిక్కలు ఏరే పని ఊపందుకునే రోజులు. అప్పుడు తరగతిలో ఎంతమంది కూర్చున్నారు, పళ్లెంలో గుడ్డు పడుతోందా, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా, ఏడాది చివరి కార్యక్రమానికి ఊరివాళ్లు ఎంతమంది వచ్చారు అన్నవి చూస్తే ఆ బడి సంగతి తెలిసిపోతుంది. ఇన్నేళ్లూ నేను మా బడిని ఏప్రిల్ నెలతోనే కొలిచాను.

మాకు జీడిపిక్కల కాలమూ వార్షిక పరీక్షల కాలమూ ఒకటే. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ కూల్చేశాక ఇక్కడి ఇళ్లలో మగవాళ్లు మరింతమంది విశాఖకో హైదరాబాదుకో కూలి పనులకు వెళ్లారు. పిల్లలు మామ్మల దగ్గర ఉంటారు. మిగిలిన చెట్ల కింద పిక్కలు ఏరడానికి ఆ మామ్మకు తోడు కావాలి. పిల్లల్ని పని మాన్పించి బడికి పంపండని గోడల మీద రాస్తే సరిపోదు. మా బడి ప్రధానోపాధ్యాయురాలు తోటలకే వెళ్లేవారు. "మామ్మగారూ, తెల్లవారగానే ఏరుకోండి, ఏడున్నరకల్లా పిల్లను పంపించండి, పన్నెండున్నరకు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది" అని చెప్పేవారు. ఒంటిపూట బడి వేళలు తోటపనికి కుదురుతాయని ఆమెకు తెలుసు. ఆమె ఉన్న ఏళ్లలో ఏప్రిల్ హాజరు పడిపోలేదు. ఆమెకు బదిలీ అయిన ఏడాది పడిపోయింది.

చదువు విషయానికి వస్తే, మా ఇద్దరు పిల్లల అనుభవమూ ఒకటి కాదు. అమ్మాయి మొదటి తరగతి పూర్తి కాకుండానే 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. చిన్న తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరిచి, ఏప్రిల్‌లో మళ్లీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. ఆ కాలంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి ఇచ్చారు గాని చదువు ఇంటికి రాలేదు. ఇంట్లో మంచి ఫోను ఉన్న పిల్లలు కొంత నెట్టుకొచ్చారు. మిగతావాళ్లు అక్షరాలు మరిచిపోయి తిరిగొచ్చారు.

ఆ నష్టం తీరకముందే 2022లో కిలోమీటరు లోపు హైస్కూలు ఉన్న ప్రాథమిక పాఠశాలల నుంచి 3, 4, 5 తరగతులను అక్కడికి మార్చారు. మా అమ్మాయి నాలుగో తరగతి నుంచి హైస్కూలుకు వెళ్లింది. అక్కడ సబ్జెక్టుకో టీచరు ఉండటం వల్ల లెక్కలు బాగా వచ్చాయి, కాదనను. అయితే ఇక్కడ మిగిలినవి ఒకటి, రెండు తరగతులు, వాటికి ఒక్క టీచరు. ఆ టీచరు సమావేశానికి వెళ్తే బడికి తాళమే. ఐదో తరగతి అక్కలు లేని బడిలో ఒకటో తరగతి పిల్లల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేవాళ్లు లేరు. ఆ మూడేళ్లూ వార్షికోత్సవం జరగలేదు. పిల్లలు తక్కువ, చేసేవాళ్లు తక్కువ. ఊళ్లో బడి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు.

2025 జూన్‌లో ఆ తరగతులు తిరిగి వచ్చాయి, వాటితో పాటు మూడు, నాలుగు తరగతులు హైస్కూల్లో చదివిన మా అబ్బాయీ తిరిగి వచ్చాడు. మాది మోడల్ ప్రైమరీ స్కూల్ అయింది, తరగతికి ఒక టీచరు వచ్చారు. ఇన్నేళ్లలో ఈ బడికి జరిగిన అతి పెద్ద మేలు ఇదే. ప్రహరీ గోడ, ఆకుపచ్చ బోర్డులు, బల్లలు, గోడల మీద బొమ్మలు బడుల బాగుకు ప్రభుత్వం పెట్టిన నాడు-నేడు పథకం కింద అంతకు ముందే వచ్చాయి. అవి బాగున్నాయి, వద్దనను. గోడ కట్టాకే మొక్కలు బతికి ఇప్పుడు నీడనిస్తున్నాయి. అయితే మా అబ్బాయి తెలుగు తప్పుల్లేకుండా చదవడం, భాగహారం అర్థమై చేయడం గోడల వల్ల రాలేదు. తన తరగతి గదిలో రోజంతా తనకే ఒక టీచరు ఉండటం వల్ల వచ్చాయి. ఐదో తరగతిలో ఆ ఒక్క ఏడాదిలో వాడు నేర్చుకున్నది అంతకు ముందు రెండేళ్లలో నేర్చుకోలేదు.

ఇంగ్లీషు ఇంకా బలహీనమే. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండటం మాలాంటి తల్లులకు ఉపయోగం, పాఠం ఏమిటో మేమూ చదివి చెప్పగలం. పిల్లలు ఇంగ్లీషు వాక్యాన్ని గడగడా చదువుతారు. అర్థం అడిగితే పక్క పేజీ వైపు చూస్తారు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకు ఇది మూడో భాష. వాళ్ల కోసం విడిగా ఏమీ చేయడం లేదు.

భోజనం గురించి ధైర్యంగా చెప్పగలను. చాలా మధ్యాహ్నాలు అక్కడే నిలబడి చూశాను. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగి జావ. ఒక్కో చిన్న పిల్లకు రోజుకు లెక్క 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూర. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, అన్నం పారేసేవాళ్లు బాగా తగ్గారు. రాగి జావ మా పిల్లలకు కొత్త కాదు, మామ్మ కాచే చోడి అంబలి అలవాటున్న నోళ్లు. వండే వదినకు నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు. ఒంటిపూట బడి రోజుల్లో ఎండకు ముందే వంట కావాలని ఆమె తెల్లవారుజామున పొయ్యి ముట్టిస్తుంది. డబ్బు ఆలస్యమైన నెలల్లో కిరాణా కొట్టులో తన పేరు మీద అప్పు రాయించి పప్పు తెచ్చింది. పరీక్షల చివరి రోజు కూడా గుడ్డు పెట్టింది. వంటగది రేకుల కప్పు కింద ఏప్రిల్‌లో నిలబడటం కష్టం. అక్కడ ఒక ఫ్యాను పెట్టాలని ఎన్నిసార్లు అడిగినా జరగలేదు. బడికి తక్షణం కావాల్సింది అదే అంటాను.

తాగే నీరు మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీటిని తెచ్చే సుజలధార పథకం మొదలయ్యాక భయం కొంత తగ్గింది. అయినా పిల్లలకు ఇంటి నుంచే సీసాలో నీళ్లు ఇచ్చి పంపండి.

బట్టల సంగతి నేను బాగా చెప్పగలను, ఎందుకంటే మిషను కుట్టడమే నా పని. ప్రభుత్వం బడి పిల్లలకు ఇచ్చే కిట్టులో మూడు జతలకు గుడ్డ ఇస్తారు. కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మూడు ఉతుకులకే చొక్కా పొట్టిదవుతుంది. ఎదిగే పిల్లలు కాబట్టి లాగుకూ స్కర్టుకూ అంచు లోపల రెండంగుళాలు మడిచి వదలమని మీ దర్జీకి చెప్పండి. సంక్రాంతి తరువాత విప్పుకోవచ్చు. ప్రభుత్వం ఇచ్చే కుట్టుకూలి జతకు 40 రూపాయలు. ఆ ధరకు ఏ దర్జీ కుట్టడు, మిగతాది తల్లి చేతి నుంచే పడుతుంది. బూట్లు దసరా దాకా, సంచి జిప్పు సంక్రాంతి దాకా. పుస్తకాలకు మాత్రం ఏ లోటూ లేదు, నోటు పుస్తకాల కాగితం మంచిది.

ఇప్పుడు ఏడాది చివరి వారం గురించి. పరీక్షలయ్యాక జవాబు పత్రాలు తల్లిదండ్రులకు చూపించే రోజు ఒకటి ఉంటుంది. మార్కుల కార్డు ఇచ్చి సంతకం పెట్టించుకుని పంపేసే బడులు నాకు తెలుసు. ఇక్కడ టీచరు ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, పిల్లతో నాలుగు వాక్యాలు చదివించి, ఎక్కడ ఆగుతోందో చూపిస్తారు. తండ్రి ఊళ్లో లేకపోతే ఫోనులో వీడియో కాల్ చేసి చూపిస్తారు. ఒక తండ్రి విశాఖలో కడుతున్న భవనం మెట్ల మీద కూర్చుని, కొడుకు చదివింది మొత్తం విన్నాడు. చదవలేని మామ్మకు "ఈ పిల్లకు హెచ్చవేత రాలేదు, సెలవుల్లో రోజూ ఎక్కాలు చెప్పించుకోండి" అని అర్థమయ్యేలా చెప్పడం కూడా చదువు చెప్పడమే.

వార్షికోత్సవం అమ్మవారి సంబరానికి వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చే వారంలోనే పెట్టుకుంటాం. ఎండ తగ్గాక సాయంత్రం, షామియానా కింద. ఈ ఏడాది మళ్లీ జరిగింది. పిల్లల పాటలు, కోలాటం, ఒడియా మాట్లాడే ఇంటి మామ్మ పాడిన జోలపాట అన్నీ బాగున్నాయి గాని, నాకు అన్నిటికంటే నచ్చింది 'బడి వార్తలు'. ఐదో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా గోడ పత్రిక రాస్తారు. చివరి రోజున దాన్ని మైకులో చదువుతారు. బోరు మోటారు ఎప్పుడు కాలింది, ఎవరు బాగు చేయించారు, విశాఖ నుంచి మధ్యలో తిరిగొచ్చి చేరినవాళ్లు ఎవరు, ఏ తరగతిలో ఎంతమందికి చదవడం వచ్చింది, ఎంతమందికి ఇంకా రాలేదు అన్నీ ఉంటాయి. చివర జమా ఖర్చులు. తరగతి గదికి ఫ్యాను ఎవరిచ్చారు, షామియానాకు ఎంతయింది, చందాలో ఎంత మిగిలింది అని పదేళ్ల పిల్ల ఊరందరి ముందు చదివింది. లెక్క అలా బయట పడే బడికి మళ్లీ చందా ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. ఆ రాత్రే ఇద్దరు పూర్వ విద్యార్థులు వచ్చే ఏడాది బహుమతుల ఖర్చు తమదన్నారు. మొదటి బహుమతి మార్కులకు కాదు, హాజరుకు. దాన్ని పిల్లతో పాటు ఆ పిల్లను రోజూ పంపిన మామ్మను కూడా వేదిక మీదికి పిలిచి ఇచ్చారు.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాలకు కూడా వెళ్లాను. ముగ్గులు, ఆటలు, కలిసి భోజనం, సరదాగానే గడిచాయి. అయితే అది రాష్ట్రమంతటా ఒకే రోజు, ఒకే పద్ధతిలో జరిగేది. మా ఊరి పేదరికం, వలస, జీడిపిక్కలు అక్కడ మాటకు రావు. ఏప్రిల్ సభలో వస్తాయి.

లోపాలు దాచను. టీచర్లు బోర్డు దగ్గర ఉండాల్సిన సమయంలో ఫోనులో ఫొటోలు ఎక్కిస్తూ కనిపిస్తారు. హాజరు ఫొటో, భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. వాళ్లకూ అది ఇష్టం లేదు. తల్లికి వందనం పథకం కింద చదివే ఒక్కో పిల్లకు ప్రభుత్వం ఇచ్చే 15,000 రూపాయల్లో తల్లి ఖాతాలో 13,000 పడి, 2,000 బడుల నిర్వహణకు పోతుంది. ఆ మేరకు మరుగుదొడ్లు శుభ్రంగా ఉండాలని అడిగే హక్కు మనకుంది. ఆయా వచ్చిన రోజు శుభ్రంగా ఉంటాయి, రాని రోజు ఆడపిల్లలు ఇంటికి పరిగెత్తుతారు. ఆట వస్తువులు బీరువాలో ఉంటాయి, బయటికి రావు. విద్యా హక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. మా కమిటీలో మహిళలు ఉన్నారు గాని చాలామంది సంతకాలకే వస్తారు. వేసవి సెలవుల్లో సాయంత్రాలు ప్రాంగణంలో చేరి తాగేవాళ్లను ఆపడానికి ఈసారి గేటు తాళం ఇద్దరు తల్లులకు ఇచ్చారు, మొక్కలకు నీళ్లు పోసేదీ వాళ్లే.

రోజూ ఇంట్లో అరగంట కూర్చుని చదివించే మనిషి, మామ్మయినా అక్కయినా సరే, ఉంటే ఈ బడి చాలు. ఇంగ్లీషే ముఖ్యం అనుకునేవాళ్లకు నిరాశ తప్పదు. చేర్చే ముందు ప్రధానోపాధ్యాయురాలిని ఒక్కటే అడగండి: వచ్చే ఏడాది కూడా తరగతికి ఒక టీచరు ఉంటారా? ఆ జవాబు "ఉంటారు" అయితే చేర్చండి. బదిలీల వల్ల తగ్గితే కమిటీతో కలిసి మండల విద్యాశాఖాధికారి దగ్గరికి వెళ్లడానికి సిద్ధపడి చేర్చండి.

మా పిల్లలు ఇక అక్కడ లేకపోయినా, కిట్లు వచ్చిన వారం ఒకటో తరగతి పిల్లల కొలతలకు నేను బడికి వెళ్తాను. వాళ్ల మూడు జతలూ ఆ 40 రూపాయలకే కుడతానని టీచరుగారికి చెప్పి వచ్చాను.