సగం అవకలజం, ముప్పాతిక కోర్సు

ఫ్రాక్షనల్ కాలిక్యులస్‌తో మార్కెట్లను మోడల్ చేయడం నేర్పుతామంటే 4,500 కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు చేశాను. పేరు వద్దులెండి. 12 రికార్డెడ్ వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు. డెరివేటివ్స్ అనగానే స్టాక్ మార్కెట్ ఆప్షన్లు, అంటే కాల్స్, పుట్స్ అనుకుని చేరినవాళ్లు రెండో వీడియోకే జారుకున్నారు, పాపం. ఇక్కడ డెరివేటివ్ అంటే ఇంటర్‌లో చదివిన అవకలజమే, కాకపోతే ఒకసారో రెండుసార్లో కాకుండా అరసారి చేస్తే ఏం వస్తుందన్నది ప్రశ్న. 1695లోనే లైబ్నిట్జ్, లోపితాల్ అనే గణితవేత్తలు ఉత్తరాల్లో దీని మీద మాట్లాడుకున్నారు.

డబ్బులు గిట్టింది మాత్రం నాలుగో వీడియోలో. ఎక్సెల్ తెరిచి నిఫ్టీ ముగింపు ధరల మీద అర డిఫరెన్సింగ్ చేయించారు. మామూలుగా అయితే ఇవాళ్టి ధరలోంచి నిన్నటిది తీసేస్తాం, అంతకుముందువి గోవిందా. ఇందులో ఒక్కో రోజు ధరని ఒక్కో సంఖ్యతో గుణించి కలుపుతాం: ఇవాళ్టికి 1, నిన్నటికి మైనస్ 0.5, మొన్నటికి మైనస్ 0.125, అటుమొన్నటికి మైనస్ 0.0625, ఇలా తగ్గుతూ పోతాయే గానీ ఎక్కడా సున్నా కావు, కిరాణా కొట్టు ఖాతాలో పాత బాకీల్లాగా. ఆ కాలమ్‌ని కిందికి లాగుతుంటే గానీ మార్కెట్‌కి జ్ఞాపకం ఉంటుందన్న మాట నాకు బుర్రకెక్కలేదు.

రఫ్ వోలటిలిటీ పాఠం, అంటే ధరల ఒడిదుడుకులు ఎంత గరుకుగా కదులుతాయన్నది, కూడా బాగుంది. మామూలు బ్రౌనియన్ చలనానికి (ప్రతి అడుగూ యాదృచ్ఛికంగా పడే నడక) హర్స్ట్ సంఖ్య (ఇది తగ్గేకొద్దీ గీత అంత గరుకు) 0.5 అయితే, గాథెరల్ అనే పరిశోధకుడి బృందం 2018 పేపర్‌లో వోలటిలిటీకి 0.1 దగ్గర వచ్చింది. ఇది ధరకి కాదు, ఒడిదుడుకులకి అని సార్ నొక్కి చెప్పడం నచ్చింది. వడ్డీ రేటు, పెట్టుబడి డిమాండ్, ధరల సూచీ కలిపి చూపించిన కేయాస్ మోడల్ (మొదట్లో చిన్న తేడాకే దారి పూర్తిగా మారిపోయేది) మాత్రం ఉత్త బొమ్మలు, ఒక్క నిజమైన డేటా లేదు.

నాకు మండింది కోడ్ దగ్గర. స్లయిడ్‌లో కపూటో అవకలజం అని రాసి, కోడ్‌లో గ్రున్‌వాల్డ్–లెట్నికోవ్ పద్ధతి పెట్టారు. రెండూ అరసారి అవకలజానికి వేర్వేరు నిర్వచనాలు, రెండోది పైన ఎక్సెల్‌లో చేసిన లెక్కే. అనుమానం వచ్చి కాలమ్ అంతా 100 నింపి చూశాను. కపూటో అయితే స్థిరరాశికి సున్నా రావాలి, రాలేదు. ప్రతి విలువలోంచీ మొదటి విలువని ముందే తీసేస్తే సరిపోతుందని తెలుసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. గ్రూపులో అడిగితే పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు.

అయిదుకి మూడు ఇస్తాను. కాస్త పైథాన్ వచ్చి, ఇంటర్ లెక్కలు మర్చిపోనివాళ్లయితే ఆఫర్ పెట్టినప్పుడు తీసుకోండి. రేపటి నిఫ్టీ ఎంతో చెబుతుందని మాత్రం చేరకండి, గ్రూపులో ఇప్పటికీ రోజుకొకరు అదే అడుగుతున్నారు.