కల్లెన్ ఉత్తరాల వెబ్‌సైటు: మెడికోలకీ, వాట్సాప్‌లో డాక్టరుని అడిగేవాళ్లకీ

తిరుపతికొచ్చి రుయాలోనో స్విమ్స్‌లోనో చూపించుకుని ఊరెళ్లిన రోగి, నెల తిరక్కుండా పలమనేరు నుంచో కుప్పం నుంచో తెలిసిన డాక్టరుకి మెసేజ్ పెడతాడు: "సార్, మళ్లీ ఒంట్లో బాగాలేదు." ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎంత గొప్ప డాక్టరైనా చేయగలిగింది ఏమీ లేదు. రోగి కళ్లెదుట లేకుండా వైద్యం చేయాలంటే ఏమేం రాయాలి, ఏమేం అడగాలి అన్నది 250 ఏళ్ల కిందటే బాగా నలిగిన విద్య. దాన్ని నేరుగా చూపించే చోటు కల్లెన్ ప్రాజెక్ట్ అనే వెబ్‌సైటు. డబ్బు కట్టక్కర్లేదు. ఎస్వీ మెడికల్ కాలేజీలో కేసు షీటు రాయడం నేర్చుకుంటున్న కుర్రాళ్లు, ఆయుర్వేద కళాశాల విద్యార్థులు దీన్ని తప్పకుండా చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

విలియం కల్లెన్ (1710–1790) స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో వైద్య ఆచార్యుడు. దూరాన ఉన్న రోగులు, వాళ్ల ఊళ్లలోని సర్జన్లు ఆయనకి జబ్బు వివరం రాసేవాళ్లు, ఆయన జవాబు రాసేవాడు. చాలామందిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. అలా పోగుపడిన జాబులు ఎడిన్‌బరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో భద్రంగా ఉన్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిలో 5 వేలకు పైగా ఉత్తరాలని ఫొటోలతో, ఎత్తిరాసిన పాఠంతో ఇక్కడ పెట్టారు.

వాడేటప్పుడు తోచిన ఉత్తరమల్లా తెరవకండి. ఒక్క జాబు చదివితే ఏమీ అర్థం కాదు. ఒక రోగికి సంబంధించిన ఉత్తరాలన్నీ ఒక కేసుగా కలిపి ఉంటాయి. ఆ కేసుని తేదీల వరసలో చదవాలి. అప్పుడే మొదటి జాబులో రోగి దాచిందేమిటి, కల్లెన్ తిరిగి ఏమడిగాడు, మందు పనిచేయకపోతే దేన్ని మార్చాడు అన్నది బయటపడుతుంది. ఫొటోకి తోడుగా పాఠం రెండు రకాలుగా ఉంటుంది. కొట్టివేతలు, పొట్టి రాతలు అలాగే ఉంచింది ఒకటి, చదువుకోవడానికి వీలుగా సరిచేసింది ఇంకొకటి. మొదట సరిచేసిన పాఠం చదవండి. మందు మోతాదు దగ్గర మాత్రం ఫొటో చూసి సరిపోల్చుకోండి. ఫోను తెరమీద ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవడం కష్టం, లాప్‌టాప్ ఉండాల్సిందే.

చాలా జవాబుల్లో నడక ఒకేలా ఉంటుంది. జబ్బు మీద అభిప్రాయం ముందు, ఆ తర్వాత పథ్యం. ఏం తినాలి, పాలు ఎప్పుడు తాగాలి, ఒంటికి అంటి ఉండేలా ఫ్లానెల్ (మెత్తటి ఉన్ని) బట్ట వేసుకోవాలా, గుర్రపు స్వారీ చేయాలా అన్నవన్నీ రాశాక గానీ మందు జోలికి రాడు. పథ్యం చెప్పని వైద్యుణ్ణి మనవాళ్లు కూడా నమ్మరు కాబట్టి ఈ భాగం మనకి ఇట్టే ఒంటబడుతుంది. రెసిపీని, అంటే మందుల చీటీని, తరచూ విడిగా రాసేవాళ్లు. దాన్ని తీసుకెళ్లి ఊళ్లోని మందులు కలిపేవాడికి ఇవ్వాలి.

ఆ రెసిపీల దగ్గరే కొత్తవాళ్లు బోల్తాపడతారు. కొలతలు ఇలా లెక్కేసుకోండి: గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుళ్లు ఒక డ్రామ్ (సుమారు 3.9 గ్రాములు), 8 డ్రాములు ఒక ఔన్సు (సుమారు 31 గ్రాములు). కిరాణా ఔన్సు 28 గ్రాములే, ఆ లెక్క ఇక్కడ వేస్తే తప్పొస్తుంది. డ్రామ్ గుర్తు, ఔన్సు గుర్తు చేతిరాతలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఔన్సుకి పైన ఒక వంపు ఎక్కువ. ఆ వంపు చూసుకోకపోతే మోతాదు ఎనిమిది రెట్లు మారుతుంది. సూచనలు లాటిన్ పొట్టి మాటల్లో ఉంటాయి. మన మెడికల్ షాపుల చీటీల మీద ఇప్పటికీ కనిపించే బి.డి. (రోజుకి రెండుసార్లు), హెచ్.ఎస్. (పడుకునే వేళ) ఆ భాష నుంచి వచ్చినవే. ఒక హెచ్చరిక: ఈ మందుల్లో కాలొమెల్ పాదరసపు లవణం, టార్టార్ ఎమెటిక్‌లో ఉన్నది ఆంటిమొనీ అనే విషపదార్థం. చరిత్రగా చదువుకోవాలి తప్ప ఎవరూ ప్రయోగం చేయకూడదు.

1781 నుంచి కల్లెన్ జవాబుల నకళ్లు చాలా మసకగా ఉంటాయి. అది వెబ్‌సైటు లోపం కాదు. అంతకుముందు లేఖకుడు జవాబులకి చేత్తో నకలు రాసేవాడు. జేమ్స్ వాట్ 1780లో పేటెంటు తీసుకున్న నకలు యంత్రం వచ్చాక కల్లెన్ దానికి మారాడు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పలచటి కాగితం పెట్టి నొక్కితే సిరా కొంత దానికి అంటుకుంటుంది. అక్షరాలు అద్దంలోలా తిరగబడి పడతాయి కాబట్టి కాగితాన్ని వెనకవైపు నుంచి చదవాలి. తడి ఎక్కువైతే అక్షరం పాకుతుంది, సిరా ఆరిపోయాక నొక్కితే అసలు దిగదు. జూమ్ చేసినా లాభం ఉండదు, ఎత్తిరాసిన పాఠమే దిక్కు. వచ్చిన ఉత్తరాల్లో చిరుగులకి కారణం వేరు: కాగితాన్నే మడిచి లక్కతో అతికించేవాళ్లు, విప్పేటప్పుడు లక్కతోపాటు రెండు మూడు మాటలూ ఊడిపోయేవి. కవరు వాడితే అది ఇంకో కాగితం కింద లెక్క. బ్రిటన్‌లో 1840కి ముందు తపాలా ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యని బట్టి ఉండేది, దాన్ని సాధారణంగా అందుకున్నవాడే కట్టేవాడు. ఈ ఉత్తరాల్లో అక్షరాలు ఇరికించి రాయడానికి కారణం ఇదే.

వెతకడంలో ఇబ్బంది ఇంకోటుంది. ఇప్పటి రోగాల పేర్లతో వెతికితే చాలా కేసులు తప్పిపోతాయి. "డ్రాప్సీ" అంటే నీరుపట్టడం. అది గుండె వల్లా, మూత్రపిండాల వల్లా, కాలేయం వల్లా అన్నది అప్పటి మాటలో తేలదు. 1784లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కి నీరుపట్టి ఆయాసం వస్తుంటే, ఆయన మిత్రుడు బాస్‌వెల్ ఎడిన్‌బరో వైద్యులకి ఉత్తరం రాసి సలహా అడిగాడు. ఆయన సలహా అడిగిన ఆ వైద్యుల్లో కల్లెన్ ఒకడు. పేరు పట్టుకుని కారణం ఊహించకుండా లక్షణాలు పట్టుకుని చదివితే మెడికోలకి ఇది మంచి కసరత్తు.

ఇలాంటిదే కేంబ్రిడ్జి వాళ్ల కేస్‌బుక్స్ ప్రాజెక్ట్. 1596 నుంచి 1634 వరకు సైమన్ ఫోర్మన్, రిచర్డ్ నేపియర్ చూసిన సుమారు 80 వేల సంప్రదింపులు అందులో ఉన్నాయి. అడిగిన ఘడియకి చక్రం వేసి జబ్బు చెప్పే పద్ధతి వాళ్లది, అంటే మన ప్రశ్న జాతకమే. రోగి రాకుండా మనిషిని పంపినా చాలు. మన చరక సంహితలోని ఇంద్రియస్థానం కూడా వైద్యుడి కోసం వచ్చిన దూతని బట్టి రోగి బతుకుతాడా లేదా అన్నది చెబుతుంది కాబట్టి ఆయుర్వేద విద్యార్థులకి పోల్చి చూడటానికి మంచి సరుకు. చికిత్సలో ఎందుకు, ఎలా అన్నది కావాలంటే మాత్రం కల్లెన్ జాబులే మేలు.

స్టెతస్కోపు 1816లో వచ్చింది. ఛాతీని విని చూడటం అలవాటయ్యాక ఉత్తరం మీద నడిచే వైద్యానికి పాత గౌరవం తగ్గింది. మళ్లీ దూరవైద్యానికి ఊపు వచ్చిన చోట్లలో మన చిత్తూరు జిల్లా అరగొండ ఒకటి: 2000 మార్చి 24న అపోలో ఆసుపత్రి అక్కడ ప్రారంభించిన, ఉపగ్రహం ద్వారా నడిచే దూరవైద్య కేంద్రంతో గ్రామం నుంచే స్పెషలిస్టుతో మాట్లాడే వీలు కలిగింది. ఇప్పుడు ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవనిలో అయినా, వాట్సాప్‌లో అయినా 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలే ఆధారం. కల్లెన్ కాలపు వైద్యులు నల్లమందు ద్రావకాన్ని ఉత్తరంలోనే రాసేవాళ్లు. ఈ రోజు మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి, షెడ్యూల్ ఎక్స్ (కట్టుదిట్టమైన నియంత్రణ ఉన్న) మందులు దూరం నుంచి రాయడానికి వీల్లేదు. ఫోనులో రాయలేదని డాక్టరు మీద అలిగి లాభం లేదు.

రోగి ఏం రాయాలో కావాలంటే కల్లెన్ సమకాలికుడు, స్విట్జర్లాండ్‌లోని లొజాన్ వైద్యుడు తిస్సో దగ్గరికి వెళ్లాలి. 1761లో వచ్చిన తన పుస్తకంలో వైద్యుణ్ణి అడగబోయేవాళ్లు సిద్ధం చేసుకోవాల్సిన ప్రశ్నల పట్టీ ఇచ్చాడు. అది నేటి మెసేజ్‌కీ సరిపోతుంది: వయసు, ఇంతకుముందు ఆరోగ్యం, జబ్బు ఎన్నాళ్లుగా, ఎలా మొదలైంది, జ్వరం ఉందా, నొప్పి ఎక్కడ, ఆకలి, దాహం, నిద్ర, దగ్గు, విరేచనం, మూత్రం, ఆడవాళ్లయితే నెలసరి, గర్భం. నొప్పి రాసేటప్పుడు పొడుస్తోందా, మండుతోందా, గుంజుతోందా అని మన మాటల్లోనే రాయండి. డాక్టరుకి "పెయిన్" కన్నా అవే ఎక్కువ చెబుతాయి. తిస్సో అడిగినవాటిలో జనం ఎక్కువగా వదిలేసేది, ఇప్పటికే ఏ మందులు వాడారన్నది. పాత చీటీ ఫొటో, మాత్రల అట్ట ఫొటో తప్పకుండా జతచేయండి. రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్న సంగతి తెలియక డాక్టరు మామూలు నొప్పి మాత్ర రాస్తే, కడుపులో రక్తం పోయే ప్రమాదం ఉంది.