మొదటి చరిత్ర పాఠానికి ఎగ్మోరా, మహాబలిపురమా?

చెన్నైలో పెరిగే మన తెలుగు పిల్లలకు చరిత్ర రుచి చూపించాలంటే నాకు రెండు చోట్లు తోస్తాయి: ఎగ్మోర్ మ్యూజియం, మహాబలిపురం.

పదేళ్ల లోపు పిల్లలైతే మహాబలిపురమే నయం. పరిగెత్తడానికి చోటుంటుంది, ప్రశ్నలూ వాటంతటవే వస్తాయి. పంచ రథాలు రాతిని తొలిచి తీసినవి. సముద్రం ఒడ్డున ఉన్న గుడి మాత్రం రాళ్లు పేర్చి కట్టినది. రెండూ పల్లవుల కాలానివే. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే పని తీరు ఎలా మారిందో పిల్లలకే తెలిసిపోతుంది. ఇక అక్కడే బండ మీద చెక్కిన పెద్ద శిల్పం ఒకటుంది, అందులో తపస్సు చేసే పిల్లి దగ్గర నుంచి వాళ్లను కదిలించడం కష్టం! ఆ శిల్పాన్ని కొందరు అర్జునుడి తపస్సు అంటారు, కొందరు గంగావతరణం అంటారు. "నీకేమనిపిస్తోంది, ఎందుకు?" అని అడగండి. ఆధారం చూసి మాట్లాడడం అక్కడే మొదలవుతుంది.

1851లో మొదలైన ఎగ్మోర్ మ్యూజియంలో అలా తిరగనివ్వరు, చిన్నపిల్లలు గంటకే విసుగుపడతారు. కానీ హైస్కూల్ పిల్లలను తప్పకుండా అమరావతి శిల్పాల ముందు నిలబెట్టాలి. కృష్ణా తీరపు బౌద్ధ స్తూపం రాళ్లు ఇక్కడికెందుకు వచ్చాయి? అప్పట్లో గుంటూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మరికొన్ని లండన్‌లో ఉన్నాయి. అవి ఎవరివి, ఎక్కడుండాలి అన్న మాట వచ్చిందంటే ఇంటికొచ్చేదాకా ఆగదు. నాకు ఎక్కువ ఇష్టం ఈ చర్చే.