బిస్కెట్ డబ్బాలో గల్ఫ్ చిల్లర: మార్చాలా, పంపాలా, అమ్మాలా?

విదేశీ నోట్లు మార్చుకోవడం పెద్ద పని కాదు. చిక్కంతా చిల్లరతోనే. దుబాయి నుంచో మస్కట్ నుంచో వచ్చినోళ్ల ప్యాంటు జేబుల్లో మిగిలినవి, ఉమ్రాకు పోయొచ్చిన పెద్దవాళ్ల సంచి అడుగున దొరికినవి, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బిడ్డ బీరువాలో వదిలేసి పోయినవి అన్నీ చివరికి ఏ బిస్కెట్ డబ్బాలోనో చేరతాయి. పాలమూరులోనైనా నల్లగొండలోనైనా వాటిని వదిలించుకోవడానికి నాలుగు దారులున్నాయి: మనీ ఎక్స్ఛేంజ్‌లో మార్చడం, అక్కడికి పోయేవాళ్ల చేతికివ్వడం, పాత నాణేలు కొనేవాళ్లకు అమ్మడం, హుండీలో వేయడం. నా ఓటు రెండోదానికే. ముందు డబ్బాలో ఎంతుందో లెక్క తేలాలి.

గల్ఫ్ నాణేల మీద తికమక పెట్టేవి అంకెలు. అరబ్బీ అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఏమో ఒట్టి చుక్క. గుండ్రం పక్కన చుక్క కనబడితే అది యాభై అన్నమాట. దేశాన్ని బొమ్మను బట్టి పట్టుకోవచ్చు. కాఫీ కూజా ఉంటే దుబాయిలో, అంటే యూఏఈలో నడిచే దిర్హం. అదే దేశానిది, నూనె బావుల బొమ్మతో ఏడు పలకలుగా ఉండేది యాభై ఫిల్స్, జింక ఉన్నది పాతిక ఫిల్స్. తెరచాప పడవ ఒక్కటే ఉంటే కువైట్. ఖర్జూరపు చెట్టు కింద రెండు కత్తులు అడ్డంగా ఉంటే సౌదీ. వంకర పిడిబాకు ఉంటే ఒమన్.

విలువకు ఒక సులువు లెక్క ఉంది. యూఏఈ ఫిల్స్, సౌదీ హలాలా, ఒమన్ బైసా... పేర్లు వేరైనా ఒక్కొక్కటీ ఇప్పటి రేట్లలో మన పావలాకు అటూఇటుగానే పలుకుతాయి. కువైట్ ఫిల్స్ మాత్రం కాస్త ఎక్కువ. కాబట్టి చిన్న నాణెం మీది అంకెను నాలుగుతో భాగిస్తే సుమారుగా రూపాయలు వచ్చేస్తాయి. దిర్హం అన్నా, సౌదీ రియాల్ అన్నా అందులో వంద. కువైట్ దీనార్, ఒమన్ రియాల్ మాత్రం వెయ్యి లెక్క. యూఏఈ, సౌదీ డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు, 3.75 రియాళ్లు అని కట్టేసుకున్నాయి కనుక వాటి మధ్య పెద్ద తేడా రాదు. అమెరికా క్వార్టర్ ఒక్కటి ఇరవై రూపాయలు దాటుతుంది. పెన్నీల జోలికి పోకండి, 2025లో వాటి ముద్రణే ఆపేశారు.

ఇప్పుడు ఎక్స్ఛేంజ్ సంగతి. మన దగ్గర బ్యాంకులైనా మనీ ఛేంజర్లైనా మామూలుగా నోట్లే తీసుకుంటారు. చిల్లర ముట్టరు. వాళ్లు కొన్న కరెన్సీని మళ్లీ ఎవరికో అమ్ముకోవాలి; కిలోల లెక్కన బరువుండే నాణేలను ఏరి, లెక్కబెట్టి, దేశం దాటించే ఖర్చు వాటి విలువనే మింగేస్తుంది. ఎవరో దయతలచి తీసుకున్నారే అనుకుందాం. కరెన్సీ మార్పిడి మీద సేవ విలువను కనీసం 250 రూపాయలుగా లెక్కేసి దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. అంటే పది దిర్హమ్‌లు మార్చినా 45 రూపాయలు పన్నుకే. ఆపైన హైదరాబాద్‌కు రానుపోను. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, అమ్మను పంపుదాం అంటారేమో, ఆమె పూట ఖరీదు ఎవరిస్తారు?

పోయేవాళ్ల చేతికిస్తే ఈ తలనొప్పులేవీ లేవు. మన జిల్లాల్లో ఏ నెల చూసినా ఎవరో ఒకరు లీవు అయిపోయి తిరిగి పోతుంటారు. దిగిన రోజు వాళ్లకు కావలసింది చిల్లరే. బకాలాలో (అక్కడి కిరాణా కొట్టులో) నీళ్ల సీసాకో, రోడ్డు పక్క కరక్ చాయ్‌కో పెద్ద నోటు తీయకుండా పని జరిగిపోతుంది. మీకేమో పూర్తి రేటు. “బావా, పన్నెండు దిర్హమ్‌లున్నాయి, నువ్వే రేటు చూసి ఫోన్‌పే చెయ్” అంటే సరి, మధ్యలో కమీషన్ లేదు. అమెరికా క్వార్టర్లకైతే ఇంకా గిరాకీ. మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి ఎమ్మెస్‌కు పోయే పిల్లలు ఎక్కువగా జూలై, ఆగస్టులోనూ డిసెంబర్ చివర్లోనూ బయలుదేరతారు. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో బట్టల మెషిన్ క్వార్టర్ వేస్తేనే తిరుగుతుంది. కొత్తగా దిగిన పిల్లాడికి గుప్పెడు క్వార్టర్లు దొరకడం చిన్న విషయం కాదు. దేశం మాత్రం తప్పకూడదు: ఖతర్ పోయేవాడికి కువైట్ ఫిల్స్ అంటగడితే మొహమాటానికి తీసుకుని అక్కడి డబ్బాలో వేసుకుంటాడు. యూరోలకు ఆ బాధ తక్కువ, జర్మనీలో మిగిలింది ఇటలీలోనూ చెల్లుతుంది. లండన్ పౌండ్ అయితే పలకలున్నదే ఇవ్వండి. పాత గుండ్రటి పౌండ్ 2017 అక్టోబర్ తర్వాత దుకాణాల్లో చెల్లడం లేదు.

అమ్మకం గురించి ఎక్కువ చెప్పను. “ఈ నాణెం ఉందా, లక్షలు మీవే” అనే ప్రకటనలు ఫోన్లో తెగ తిరుగుతాయి. ముందు ఫీజు కట్టమన్నారంటే అది మోసమే. ఇలాంటి వాటి మీద రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిన్నమొన్న అచ్చేసిన దిర్హమ్‌కు సేకరించేవాళ్ల దగ్గర పెద్ద ధర పలకదు. పాతబడితే వేరే కథ అనుకోండి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అంత ఓపిక మీకుంటే దాచండి. చట్టం కూడా అడ్డు రాదు: విదేశీ నాణేలు ఎన్నైనా ఇంట్లో ఉంచుకోవచ్చు, 2,000 డాలర్ల పరిమితి నోట్లు, ట్రావెలర్స్ చెక్కులకే.

ఇక హుండీ. యాదగిరిగుట్ట హుండీ లెక్కింపు వార్తల్లో డాలర్లు, దిర్హమ్‌ల లెక్క విడిగా వస్తుంటుంది. నోటు వేస్తే దేవస్థానానికి పనికొస్తుంది. చిల్లర వేస్తే మనం వదిలించుకున్న తలనొప్పిని లెక్కించేవాళ్లకు తగిలించినట్టే, దాన్ని మార్చే తిప్పలు వాళ్లకూ ఉంటాయి. మొక్కు ఉంటే ఆ నాణేలను పోయేవాళ్లకిచ్చి, వచ్చిన రూపాయలు హుండీలో వేయండి.