బొలోన్యా నుంచి బారీకి: పాస్తా పేర్ల వెంట ఐదు రాత్రులు

ఇటలీ ఉత్తరాన ఉన్న బొలోన్యాలో రెండు రాత్రులు, దక్షిణాన ఉన్న బారీలో మూడు రాత్రులు ఉండి వచ్చాము. పాస్తా కోసమే ఇటలీ వెళ్ళేవారు బారీకే ఎక్కువ సమయం కేటాయించుకోవాలని నా అభిప్రాయం.

బొలోన్యాలో స్టేషన్‌కు దగ్గరలో దిగాము. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. పాత ఊరంతా నడిచే చూడవచ్చు. అక్కడి పొడవాటి పట్టీల పాస్తా తల్యాతెల్లెకు ఆ పేరు ‘కోయడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఆ కోత ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలనీ, అది ఆ ఊరి పాత అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతనీ 1972లో ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేయించారంటే, వారికి దాని మీద ఎంత మమకారమో తెలుస్తుంది. శాకాహారులు మాత్రం జాగ్రత్తపడాలి. తోర్తెల్లీని అనే చిన్న పాస్తా పొట్లాల లోపల కూరేది పంది మాంసం, వడ్డించేది మాంసపు చారులో. ఒక భోజనశాలలో మాంసం వద్దని ముందే చెప్పినా సాస్‌లో ముక్కలు వచ్చాయి. మార్చి ఇచ్చారు గానీ, అరగంట కూర్చోబెట్టారు.

బారీకి రైలులో సుమారు ఆరు గంటలు. చాలా దూరం ఏడ్రియాటిక్ సముద్రం పక్కనే వెళుతుంది కనుక ఎడమవైపు కిటికీ సీటు తీసుకోవడం మంచిది.

బారీ పాత ఊళ్ళోని ఆర్కో బాస్సో వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల ముందే చెక్కబల్లలు వేసుకుని ఒరెక్కియెట్టె అనే పాస్తా చేస్తారు. గట్టి గోధుమ రవ్వ, నీళ్ళు, అంతే, గుడ్డు కలపరు. ఒక పెద్దావిడ పిండిని వేలి లావున తాడులా పేని, శనగగింజంత ముక్క కోసి, మొద్దు కత్తితో బల్ల మీద తనవైపు లాగారు; అది ముడుచుకోగానే బొటనవేలి మీదకు తిరగేశారు, గరుకు వైపు పైకి వచ్చి చిన్న చెవి తయారైంది. ఆ పేరుకు అర్థమూ ‘చిన్న చెవులు’ అనే. తిరగేయకుండా వదిలేసే రకం స్ట్రషినాతి, అంటే ‘లాగినవి’. గవ్వల పీట మీద మా అమ్మమ్మ బొటనవేలు నొక్కి జార్చే తీరే నాకు కళ్ళ ముందు మెదిలింది. గవ్వల పేరుతోనే ఇటలీలోనూ ఒక పాస్తా ఉంది, కొంకిల్యె. మిగతా పేర్లకూ ఇలాంటి అర్థాలే: స్పగెత్తి అంటే సన్నని పురికొసలు, ఫర్ఫల్లె సీతాకోకచిలుకలు, పెన్నె ఈక కలాలు, వెర్మిచెల్లి చిన్న పురుగులు. మనం సేమియాకు వాడే ఇంగ్లీషు పేరు ఈ చివరిదే.

బారీలో మా బస నిరాశపరిచింది. వీధిలోకి తెరుచుకునే నేలగది. గోడలకు చెమ్మ, అర్ధరాత్రి దాకా మాటల సందడి. పాత ఊళ్ళో దిగదలచినవారు పై అంతస్తు గదినే అడగాలి. పాస్తా కొనేటప్పుడు సంచుల్లో కట్టి ఉంచినది కాక, మీ కళ్ళెదుట చేసినదే కొనండి. మేము కొన్నవాటిని గదిలో గుడ్డ పరిచి ఆరబెట్టబోతే, ఆ చెమ్మకు మరునాటికీ ఆరలేదు. చివరకు వాటిని ఆ పెద్దావిడ గుమ్మం ముందే ఆరనిచ్చి తెచ్చుకున్నాము.