వామనగుంటలు, అచ్చనగిల్లలు, బొంగరం: ఆటల పెట్టెపై సమీక్ష

ప్రాథమిక తరగతుల పిల్లల కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఈ పెట్టెలో వామనగుంటల పలకే అన్నిటికంటే మేలైనది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలను తగినంత లోతుగా తొలిచినందువల్ల, ఆరేళ్ల బిడ్డ ఒక గుంటలోని పిక్కలన్నిటినీ ఒక్కసారిగా గుప్పిట్లోకి తీసుకొని, బొటనవేలితో ఒక్కొక్కటే జారుస్తూ పంచగలుగుతుంది. పెన్సిల్ పట్టుకు కావలసిన వేళ్ల అదుపు ఈ పనిలోనే అలవడుతుంది, లెక్కింపూ దానితోపాటే సాగుతుంది. ప్లాస్టిక్ గింజలకు బదులు చింతపిక్కలు ఇవ్వడం మంచి నిర్ణయం, పోయినా వంటింట్లో దొరుకుతాయి కదా.

అచ్చనగిల్లల విషయంలో మాత్రం తయారీదారులు ఆట చూడకుండానే పని ముగించారనిపిస్తుంది. ఏటికొప్పాక తరహాలో లక్క పూసిన తేలికపాటి కర్ర గోళీలు చూపులకు ముచ్చటగా ఉన్నా, నేల మీద పరిస్తే దొర్లిపోతాయి, ఎగరేసి పట్టబోతే వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి; కంటిచూపుతో చేతి కదలికను జతపరచడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు కాస్త బరువు, గరుకుదనం ఉన్న గులకరాళ్లే నయం.

బొంగరం తాడు బాగుంది గానీ, మేకు మొన పదునుగా ఉన్నందున ఒకటి, రెండు తరగతుల వారికి ఇవ్వకూడదు. నియమాల కాగితం ఇంగ్లీషులోనే ఉంది, వామనగుంటలకు అదేమి అవసరమో! పలకను విడిగా అమ్మితే బడులు తప్పక కొనుక్కోవచ్చు. మూడేళ్లలోపు పసివాళ్లున్న ఇంట్లో పిక్కలను అందకుండా దాచాలి.