పాత స్పైడర్‌మ్యాన్ 121 కొంటున్నారా? ఆఖరి పేజీ చూడకుండా డబ్బు కట్టకండి

పార్సిల్ మొన్న సాయంత్రం వచ్చింది. నిన్నంతా మెసేజ్‌లతోనే సరిపోయింది. రాత్రి పదకొండింటికి అమ్మినవాడు నన్ను బ్లాక్ చేశాడు. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకండి.

అతని అకౌంట్ పేరు రాయను. పాత కామిక్స్ కొనేవాళ్ళకి ఎలాగూ తెలుసు. 1960లు, 70ల మార్వెల్ సంచికలు వారానికి ఐదారు పెడుతుంటాడు. ప్రతి ఫోటో కింద ఒకటే వాక్యం ఉంటుంది: ‘కంప్లీట్ కాపీ, అన్ని పేజీలూ ఉన్నాయి.’ ఇంతకుముందు అతని దగ్గర రెండు సంచికలు కొన్నాను, రెండూ బాగానే వచ్చాయి. ఆ నమ్మకంతోనే ఈసారి డబ్బు ముందే కట్టేశాను. బేరం కూడా ఆడలేదు.

కొన్నది ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121. 1973 జూన్ సంచిక, అట్ట మీద ధర 20 సెంట్లు. జెరీ కాన్వే కథ, గిల్ కేన్ బొమ్మలు. ఇది స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన అమ్మాయి గ్వెన్ స్టేసీ చనిపోయే సంచిక అని స్పైడర్‌మ్యాన్ అభిమానులకి చెప్పక్కర్లేదు.

నేను కామిక్స్‌ని గాజు పెట్టెలో పెట్టుకునే మనిషిని కాను. గ్రేడింగ్ చేయించి, అంటే కాపీ ఎంత బాగుందో మార్కులు వేయించి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ వేసినవి నాకు వద్దు, తెరిచి చదవలేను కాబట్టి. నాకు చదవాలి. రాత్రి పనులన్నీ అయ్యాక చేతులు కడుక్కుని, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద సంచికని పెట్టి, ఒక్కో పేజీ తిప్పుతూ చదువుతాను. రాత్రికి ఒక్కటే, అది కూడా వరసలోనే. 119 చదవకుండా 120 ముట్టుకోను. కథ అయిపోయాక ప్రకటనలు, ఆ తర్వాత పాఠకుల ఉత్తరాలు. ఇప్పటి సంకలనాల్లో కథ ఉంటుంది, బొమ్మలు ఇంకా శుభ్రంగా ఉంటాయి. కానీ ఆ ఉత్తరాలు, ఎక్స్‌రే కళ్ళద్దాల ప్రకటనలు, నీళ్ళలో పెంచుకునే సీ మంకీల ప్రకటనలు వాటిలో చాలావరకు ఉండవు. నాకు అవన్నీ కావాలి. ఆ నెలలో ఆ పుస్తకం కొన్న పిల్లాడు ఏం చూశాడో అదే చూడాలి.

అసలు నాకు ఒరిజినల్స్ పిచ్చి పట్టిందే ఒక ఉత్తరాల పేజీ వల్ల. స్పైడర్‌మ్యాన్ 125లో ఉంది అది. గ్వెన్ ఎలా చనిపోయిందని పాఠకులు అడిగితే, వంతెన మీంచి పడుతున్న ఆమెని స్పైడర్‌మ్యాన్ వల ఒక్కసారిగా ఆపడంతో తగిలిన కుదుపే ఆమె ప్రాణం తీసిందని ఎడిటర్లు అక్కడ ఒప్పుకున్నారు. అంటే కాపాడబోయిన చెయ్యే కారణమైంది. 121లో గ్వెన్ మెడ దగ్గర ‘స్నాప్’ అని ఒక చిన్న శబ్దం రాసి ఉంటుంది. సంకలనంలో మొదటిసారి చదివినప్పుడు నేను దాన్ని గమనించనే లేదు. ఆ ఉత్తరం చదివాక వెనక్కి వెళ్ళి చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో వచ్చాడు. ఆ కథలన్నా నాకు ప్రాణమే. కానీ హీరో తను ప్రేమించిన అమ్మాయిని కాపాడలేకపోవడం, పైగా తన వల్లే పోవడం, నేను చదివిన ఆ పాత కథల్లో ఎక్కడా చూడలేదు.

ఇక ఆఖరి పేజీ సంగతి. అది తెలియకపోతే నా బాధ మీకు అర్థం కాదు.

121 అట్ట మీద స్పైడర్‌మ్యాన్‌కి దగ్గరివాళ్ళ ముఖాలన్నీ ఉంటాయి. వాళ్ళలో ఎవరో చనిపోబోతున్నారని, తను కాపాడలేనని అతనే అంటుంటాడు. ఎవరన్నది మాత్రం చెప్పరు. లోపల తెరిస్తే మొదటి పేజీలో ఉండాల్సిన కథ పేరు కూడా ఉండదు. ఎందుకంటే ఆ పేరే ‘గ్వెన్ స్టేసీ చనిపోయిన రాత్రి’ అని. ముందే వేస్తే గుట్టు బయటపడిపోతుంది. అందుకే దాన్ని ఆఖరి పేజీలో వేశారు. అట్ట అడిగిన ప్రశ్నకి ఆ పేజీయే జవాబు. దాన్ని అసలు కాగితం మీద, 1973లో అచ్చయిన రంగుల్లో చూడాలని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. ముందు 120 దొరికింది, తర్వాత 122 కూడా దొరికింది. 121 లేక రెండూ చదవకుండా అలాగే ఉంచాను.

సరే, మొన్న రాత్రి. 120 ముందు రోజే చదివేసి సిద్ధంగా ఉన్నాను. బల్ల మీద గుడ్డ పరిచాను. అట్ట బాగుంది, పిన్నుల దగ్గర కొంచెం తుప్పు, మడత మీద రెండు మూడు గీతలు. యాభై ఏళ్ళు దాటిన పుస్తకం, అంతమాత్రం ఉంటుంది. మొదట్లో ఒక కాగితం తిప్పుతుంటే మడత దగ్గర కాస్త పట్టేసినట్టు అనిపించింది. పాతబడి బిగుసుకుందేమో అనుకుని ముందుకు పోయాను. అక్కడే ఆగి చూడాల్సింది. నాలుగేళ్ళు ఎదురుచూసిన ఆత్రంలో ఆగలేదు.

వంతెన దగ్గరికి వచ్చాను. కథలో దాన్ని జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ అంటారు, బొమ్మ చూస్తే బ్రూక్లిన్ బ్రిడ్జ్‌లా ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ ఒక క్షణం ఆగుతాను. విలన్ గ్రీన్ గాబ్లిన్ తోస్తాడు, ఆమె పడిపోతుంది, వల కాళ్ళకి చుట్టుకుంటుంది. చిన్న ‘స్నాప్’. చూశాను. ఊపిరి బిగపట్టుకుని ఆఖరి కాగితం తిప్పాను.

చప్పుడు మారింది.

పాత న్యూస్‌ప్రింట్ తిప్పితే మెత్తగా, మొద్దుగా ఉంటుంది చప్పుడు. ఇది ఫెళఫెళమంది. వేళ్ళ కింద నున్నగా తగిలింది. దీపం దగ్గరికి లాగి చూశాను. మిగతా పేజీల పసుపు లోపలి నుంచి వచ్చిన పసుపు, అంచుల దగ్గర ముదురుగా, మధ్యకి పోయేకొద్దీ లేతగా ఉంది. ఈ కాగితానికి పైన ఏదో రంగు పూశారు. కింది మూలలో ఆ రంగు పేరుకుని ఒక చుక్కలా ఎండిపోయింది. భూతద్దం పెట్టాను. పాత కామిక్‌లో చర్మం రంగు అంటే విడివిడిగా కనిపించే ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు. ఇందులో ఆ చుక్కలన్నీ అలుక్కుపోయి, వాటి మీద ప్రింటర్ చల్లిన సన్నటి రంగు పొడిలా ఉంది. కథ పేరున్న అక్షరాల అంచులు మసకబారిపోయాయి. ఎవరో ఆ పేజీని కలర్ ప్రింట్ తీసి, రెండు వైపులా అచ్చు కొట్టి, అంచులు సమంగా కత్తిరించి, మడత దగ్గర జిగురుతో అతికించారు.

ఆ జిగురే ముందు కాగితానికీ పట్టుకుంది. పాత కామిక్స్ అంటే పెద్ద షీట్లని మధ్యకి మడిచి రెండు పిన్నులు కొట్టినవే కదా. ఒక్కో షీటుకి ముందు సగంలో ఒక కాగితం, వెనక సగంలో దాని జోడీ. వెనకది మడత దాకా చింపేస్తే ముందుది వదులైపోతుంది. అది ఊడిరాకుండా దానికీ జిగురు రాశారు. నాకు పట్టేసినట్టు అనిపించింది అదే. అంటే ఇది ఎవరో పిల్లాడు తెలియక చింపిన కాగితం కాదు. పోయిన పేజీని దాచిపెట్టి, కంప్లీట్ కాపీగా అమ్మాలని కూర్చుని శ్రద్ధగా చేసిన పని.

ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. గ్వెన్ చనిపోయిందని పేరు పెట్టి చెప్పే పేజీ అది.

ఫోటోలు తీసి పంపాను. మర్యాదగానే రాశాను. ‘ఆఖరి కాగితం ఒరిజినల్ కాదండి, ప్రింట్. మీకు తెలియకుండా వచ్చి ఉండొచ్చు. రిటర్న్ తీసుకోండి, పోస్టేజీ నేనే పెట్టుకుంటాను’ అన్నాను. నిజంగా అతనికి తెలియదేమో అనుకున్నాను. ఎవరో అతన్నీ మోసం చేసి ఉంటారేమో అనిపించింది.

మూడు గంటల తర్వాత జవాబొచ్చింది. ‘బ్రో, మీరు చదవడానికే కదా కొన్నారు? చదవడానికి ఉంది కదా. కథ మారిందా?’

నేను అది మూడుసార్లు చదివాను. ఆర్డర్ పెట్టేటప్పుడు కబుర్లలో నేనే చెప్పాను అతనికి, నేను కలెక్టర్‌ని కాదు, రీడర్‌ని అని, 120, 122 పక్కన పెట్టి దీని కోసం ఆగి ఉన్నానని. ఆ మాటనే నా మీదికి తిప్పాడు. చదివేవాడికి ఏదిచ్చినా చాలు అన్నమాట. మళ్ళీ అమ్మేవాడైతే భూతద్దం పెట్టి చూస్తాడు, గ్రేడింగ్‌కి పంపితే బయటపడిపోతుంది. చదివేవాడు కథలో పడి చూసుకోడులే అనుకున్నాడు. నిజం ఏమిటంటే చదివేవాడికే ఆ పేజీ ఎక్కువ అవసరం. ధర పెరుగుతుందని కొన్నవాడికి డబ్బు పోతుంది. నాకు పోయింది నాలుగేళ్ళ ఎదురుచూపు.

అదే రాశాను. ‘లిస్టింగ్‌లో అన్ని పేజీలూ ఉన్నాయని రాశారు. ఇది లేదు. డబ్బు వెనక్కి ఇవ్వండి’ అన్నాను.

దానికి వచ్చిన జవాబు ఇదిగో, ఉన్నది ఉన్నట్టు: ‘నేను పంపినప్పుడు అన్నీ ఉన్నాయి బ్రో. మీరే అసలు పేజీ తీసుకుని ఇది అతికించారని నేనంటే?’

చేతులు వణికాయి నాకు. కామిక్‌లో పేజీ చింపడమా, నేనా? పేజీ మూల మడతపడినా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. డబ్బు ఇవ్వనంటే ఇంత బాధపడేవాణ్ణి కాను. దొంగతనం నా మీద వేశాడు. పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీయలేదు కాబట్టి నా దగ్గర రుజువు లేదని వాడికి తెలుసు. అంతకుముందు మెసేజ్‌లోనే అడిగాడు, ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?’ అని. లేదండి అని అమాయకంగా చెప్పాను. ఆ తర్వాతే ఈ మాట అన్నాడు.

ఇంకో రెండు మెసేజ్‌లు పెట్టాను. చూశాడు, జవాబివ్వలేదు. రాత్రి బ్లాక్ చేశాడు. కంప్లైంట్ పెట్టాను, అది ఎప్పటికి తేలుతుందో చూడాలి.

తప్పు నాది కూడా ఉంది, దాచను. నేను ఈ రంగానికి కొత్తవాణ్ణి కాను. 1974లో డీసీ కంపెనీ వాళ్ళు, సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన యాక్షన్ కామిక్స్ 1ని ఫేమస్ ఫస్ట్ ఎడిషన్ పేరుతో పెద్ద సైజులో మళ్ళీ వేశారు. బయటి అట్ట తీసేస్తే లోపలి అట్ట అచ్చం 1938 నాటిదే. దాన్ని ఒరిజినల్ అని అమ్మిన కథలు నేనే ఎంతమందికి చెప్పానో. సైజు కొలవండి, పెద్దగా ఉంటే అది 1974దే అని సలహా ఇచ్చినవాణ్ణి. హల్క్ 181 కొంటానన్న స్నేహితుడికి ఉత్తరాల పేజీలో స్టాంపు కత్తిరించి ఉందేమో చూడు అన్నది కూడా నేనే. 1974లో పిల్లలు ఆ మార్వెల్ వాల్యూ స్టాంపుల్ని కత్తిరించి దాచుకునేవాళ్ళు కదా. అందరికీ చెప్పాను. నా వంతు వచ్చేసరికి నాలుగు ఫోటోలు చూసి సరే అనేశాను. ఆ నాలుగు ఫోటోలు మళ్ళీ తీసి చూసుకున్నాను నిన్న. అట్ట, మధ్య పేజీలు, ఉత్తరాల పేజీ, వెనక అట్ట. ఆఖరి కథ పేజీ లేదు. ఈ సంచికలో మనిషి మొట్టమొదట అడగాల్సిన పేజీ అది, నేను అడగలేదు.

ఒక మాట. మార్వెల్, డీసీ రెండూ పాత సంచికలకి ఫాక్సిమిలీ ఎడిషన్లు, అంటే అచ్చం నకళ్ళు, వేస్తున్నాయి, ప్రకటనలతో, ఉత్తరాలతో సహా. లోపల చిన్న అక్షరాల్లో ఫాక్సిమిలీ అని వేసే అమ్ముతారు. అందులో మోసం లేదు, చదవడానికి బాగుంటాయి కూడా. ‘ఒక కాగితం పోయింది, దాని బదులు ప్రింట్ పెట్టాను’ అని ఇతను రాసి ఉన్నా తక్కువ ధరకి సంతోషంగా కొనేవాణ్ణి. చెప్పి ఉంటే చాలు.

కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. ప్రతి పేజీ ఫోటో అడగండి, కుదరదంటే ఒక్కో పేజీ తిప్పుతూ వీడియో తీయమనండి. మడత దగ్గర జిగురు మెరుపు ఉందేమో చూడండి. వచ్చాక చదవకముందే అన్ని కాగితాలూ వేళ్ళతో తడిమి చూడండి, తేడా కాగితం చేతికి తెలిసిపోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్ ఎదురుగా పెట్టి రికార్డ్ చేయండి, ఎంత తెలిసినవాళ్ళ దగ్గర కొన్నా సరే. మీరు రీడరో కలెక్టరో అమ్మేవాళ్ళకి చెప్పకండి.

రాత్రి స్నేహితుడి అకౌంట్ నుంచి అతని పేజీ చూశాను. సాయంత్రం కొత్తగా 122 పెట్టాడు. కింద అదే వాక్యం, అన్ని పేజీలూ ఉన్నాయని. నాలుగు ఫోటోలున్నాయి. స్నేహితురాలు మేరీ జేన్ వెళ్ళిపోబోయి, తలుపు మూసి పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) దగ్గరే ఉండిపోయే ఆఖరి పేజీ వాటిలో లేదు. అప్పటికే ఇద్దరు ‘అందుబాటులో ఉందా?’ అని అడిగి ఉన్నారు. మీలో ఎవరైనా అయితే, ముందు ఆ పేజీ ఫోటో పంపమనండి.